అగ్నిపర్వతాల ముంగిట నేత్రవైద్యుడు

అగ్నిపర్వతం బ్రద్దలైనదన్న వార్త వినగానే సమీపవాసులు ప్రాణాలు అరచేత పట్టుకొని పరుగెత్తుతారు. ఆ వార్త వినగానే ఛాయాచిత్ర పరికరాలు సర్దుకొని ఆ దిక్కుకే పయనమయ్యే వైద్యుడొకడు ఇంగ్లండులో ఉండెడివాడు. ఆతడే టెంపెస్ట్ ఆండర్సన్.

ఆతడు 1846లో యార్కు నగరంలో ఒక శస్త్రవైద్యుని ఇంట జన్మించినాడు. లండనులో వైద్యవిద్య ముగించి, స్వస్థలానికి తిరిగివచ్చి నేత్రచికిత్సలో పేరు గడించినాడు. పరుల కన్నులకు చూపు నిలిపే వృత్తి ఆతనిది. తన కన్నులను మాత్రం అగ్నిపర్వతాలు ఆకర్షించినవి. తీరిక దొరకినప్పుడెల్ల ఐస్లాండుకో, ఇటలీకో తరలిపోయేవాడు. ఆనాటి ఛాయాగ్రహణం నేటివలె సులభసాధ్యం కాదు. బరువైన పెట్టెలను, గాజుపలకలను బూడిద నిండిన వాలులపైకి మోయించుకొని పోవలెను. పలక పగిలితే పడిన శ్రమయంతా వ్యర్థమే.

1902 మే 7వ తేదీన వెస్టిండీసులోని సెయింట్ విన్సెంట్ ద్వీపంలో సూఫ్రియేర్ పర్వతం ప్రేలి సుమారు 1,600 మందిని బలిగొన్నది. మరునాడే మార్టినిక్ ద్వీపంలో పెలే పర్వతం ప్రేలగా, సెయింట్ పియర్ పట్టణం నిమిషాలలో నాశనమై, ఇంచుమించు 28,000 మంది మరణించినారు. కరిగిన శిలాద్రవం ఆ పట్టణాన్ని ముంచెత్తలేదు. మరి అంతమందిని అంత త్వరగా చంపినదేమి? దీనిని పరిశోధించుటకు లండనులోని రాయల్ సొసైటీ ఆండర్సన్‌ను, భూగర్భ శాస్త్రజ్ఞుడైన జాన్ స్మిత్ ఫ్లెట్‌ను పంపినది.

సమాధానం వారికి ఎదురుగానే వచ్చినది. జూలై 9వ తేదీ సాయంకాలం వారిద్దరు ఒక చిన్న తెరచాప ఓడలో మార్టినిక్ తీరాన ఉన్నారు. పర్వతం నుండి ఒక నల్లని మేఘం వెలువడినది. అది ఆకాశానికి ఎగయక, నేలనంటి దొర్లుతూ, లోయ దిగి సముద్రం మీదికి వచ్చినది. నావికులు తెరచాపలెత్తి ఓడను మరలించినారు. మేఘం సమీపించి, వేగం తగ్గి, పైకి లేచి వారి తలలమీదుగా సాగిపోయినది. ఓడపై రాతిముక్కలు, బూడిద కురిసినవి గాని, వారి ప్రాణాలు దక్కినవి.

సెయింట్ పియర్ ప్రజలను కబళించిన మృత్యువు ఎట్టిదో వారికి బోధపడినది. మండే ధూళి, వాయువులు కలిసి బరువెక్కి, పర్వతంపై విరిగిపడే మంచుచరియవలె తన భారంతోనే వాలున జారివచ్చునని వారు ప్రకటించినారు. ఈనాడు అట్టి మేఘపు జాడ కనబడకముందే గ్రామాలను ఖాళీ చేయించగలుగుతున్నామంటే, ఆనాడు ఓడలో నిలిచి చూచిన వారి ఋణం కొంత ఉన్నది.

ఆండర్సన్ సంచలనం చల్లారగానే మరచిపోయే మనిషి కాడు. 1907లో అవే ద్వీపాలకు మరల వెళ్లి, లోయలు మారిన తీరును, బూడిదపై పచ్చదనం తిరిగి మొలచిన తీరును చిత్రించినాడు. 1909లో సమోవా ద్వీపాలలోని సవాయికి పోయి, మతవాను పర్వతపు శిలాద్రవం సముద్రంలో పడి దిండ్లవలె గడ్డకట్టుటను కన్నులార చూచినాడు. సముద్రగర్భంలో పుట్టిన శిలల ఆకృతికి కారణం చెప్పుటకు ఆ వీక్షణం ఆధారమైనది.

1912లో స్వనగరానికి ఒక ఉపన్యాస మందిరాన్ని కట్టించి ఇచ్చినాడు. యార్కు మ్యూజియం ఆవరణలోని ఆ మందిరం ఆతని పేరనే నిలిచియున్నది. మరుసటి సంవత్సరం ఫిలిప్పీను, ఇండోనేషియా ద్వీపాల అగ్నిపర్వతాలను చూచి తిరిగివస్తూ, ఎర్రసముద్రంలో ఓడపై జ్వరపీడితుడై కన్నుమూసినాడు. సూయెజ్‌లో ఆతనిని ఖననం చేసినారు. నిప్పులు కక్కే పర్వతాలు విడిచిపెట్టిన మనిషిని సామాన్యమైన జ్వరం తీసికొనిపోయినది.

ఆతని గాజుపలకలు నేటికీ యార్కులో భద్రంగా ఉన్నవి. తరగతిలో అగ్నిపర్వతాల పాఠం చెప్పునపుడు, బొమ్మ చూపుటతోపాటు ఆ బొమ్మ వెనుక నిలిచిన మనిషిని గూర్చి కూడ ఒక్క మాట చెప్పిన బాగుండును. భయంకరమైన దానినుండి చూపు మరల్చక, అది ఎందువలన జరిగినదని అడుగుట విజ్ఞానానికి తొలిమెట్టు.