సింగపూరుకు అనుమతి ఇచ్చిన ప్రభువు – మార్క్విస్ హేస్టింగ్స్

సింగపూరు చరిత్ర అనగానే మనకు గుర్తుకు వచ్చే పేరు రాఫిల్స్. మన పిల్లలు బడిలో చదువుకొనేదీ ఆయన కథే. కాని ఆయనకు అధికారమిచ్చి ఇటు పంపిన గవర్నర్ జనరల్‌ను తలచుకొనేవారు తక్కువ. ఆ ప్రభువు నిర్ణయాలు ఈ దీవినే గాక, మన పెద్దలు విడిచివచ్చిన తెలుగు సీమను కూడా తాకాయి. అందుకే ఆయన జీవితాన్ని ఈ సంచికలో మన కుటుంబాల ముందుంచుతున్నాము. వారన్ హేస్టింగ్స్ వేరు, ఈయన వేరు.

ఫ్రాన్సిస్ రాడన్ 1754 డిసెంబరు 9న ఐర్లండులోని ఒక ప్రభువుల ఇంట జన్మించాడు. ఆక్స్‌ఫర్డులో చేరి, పట్టా పుచ్చుకోకుండానే సైన్యంలోకి వెళ్లాడు. 1775లో అమెరికాలో బంకర్ హిల్ యుద్ధంలో పోరాడాడు. 1781లో హాబ్‌కర్క్ హిల్ వద్ద విజయం సాధించాడు. స్వదేశానికి మరలుతూ ఫ్రెంచివారికి చిక్కి, కొంతకాలం బందీగా ఉన్నాడు. 1793లో తండ్రి మరణించగా మొయిరా ఎర్ల్ అయ్యాడు. 1797లో ఐర్లండు ప్రజలపై సైన్యం జరుపుతున్న దౌర్జన్యాలను ప్రభువుల సభలో నిర్భయంగా ఖండించాడు.

1813లో కలకత్తా చేరి గవర్నర్ జనరల్ పదవి స్వీకరించాడు. నేపాలు యుద్ధం ముగిసే తరుణంలో, 1816 మార్చిలో పిండారీలు గుంటూరు సీమపై పడ్డారు. పది పన్నెండు రోజులలో 339 గ్రామాలు దోపిడికి గురయ్యాయి. 1817–18లో ఆయన పెద్ద సేనను నడిపి పిండారీలను అణచాడు. మరాఠా రాజ్యాల బలమూ దానితోనే అంతరించింది. ఆయనకు మార్క్విస్ బిరుదు కూడా లభించింది.

1818 చివర రాఫిల్స్ కలకత్తా వెళ్లి, మలక్కా జలసంధి దక్షిణ ద్వారాన ఒక రేవు కావాలని వేడుకొన్నాడు. డచ్చివారితో తగవు రాకూడదన్న షరతుపై హేస్టింగ్స్ అంగీకరించాడు. 1819 ఫిబ్రవరి 6న సింగపూరులో ఒడంబడిక జరిగింది. డచ్చివారు అభ్యంతరం చెప్పారు. లండనులోని కంపెనీ పెద్దలూ మెచ్చలేదు. అయినా ఆయన రేవును విడిచిపెట్టలేదు. 1824లో డచ్చివారితో కుదిరిన సంధితో ఆ వివాదం తీరింది.

ఇంతటివానికీ మచ్చ తప్పలేదు. హైదరాబాదులోని పామర్ కంపెనీ నిజాము ప్రభుత్వానికి అధిక వడ్డీకి అప్పులిచ్చేది. అందుకు అనుమతించినది హేస్టింగ్స్ ప్రభుత్వమే. తన సంరక్షణలో పెరిగిన యువతిని పెండ్లాడిన రంబోల్డు అందులో భాగస్వామి. రెసిడెంటు మెట్‌కాఫ్ ఆ గుట్టు రట్టు చేశాడు. ఉత్తర సర్కారుల కోసం కంపెనీ ఏటా నిజాముకు చెల్లించే పేష్కషును 1823లో ఒకేమారు లెక్కగట్టి, ఆ సొమ్ముతో అప్పు తీర్చారు. అంటే మన కోస్తా జిల్లాలపై నిజాముకు రావలసిన రాబడి శాశ్వతంగా షావుకార్ల బాకీ కిందికి పోయింది!

ఆ అపకీర్తి నడుమనే 1823 జనవరిలో ఆయన కలకత్తా విడిచాడు. 1824లో మాల్టా గవర్నరై, 1826 నవంబరు 28న నేపుల్సు సమీపాన ఓడలో కన్నుమూశాడు. దేహాన్ని మాల్టాలో ఖననం చేశారు. ఆయన కోరిక ప్రకారం కుడిచేతిని వేరుచేసి భద్రపరచి, తరువాత స్కాట్లండులో భార్య సమాధిలో ఉంచారు.

సింగపూరుకు అండగా నిలిచినదీ, హైదరాబాదులో వడ్డీ వ్యాపారులకు దారి ఇచ్చినదీ ఆ చేయే. ఈ రేవు నీడన బ్రతుకుతున్న మనం మొదటిదానికి కృతజ్ఞులమై ఉందాము. రెండవదానిని కూడా మన పిల్లలకు దాచకుండా చెప్పుదాము.