30 రూపాయల హిస్టరీ మాస్టారు

గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్న మీకు హిస్టరీ అంటే ఏం గుర్తొస్తుంది? రాజుల పేర్లు, యుద్ధాలు, తేదీలు. పోర్టులోనో స్టీల్‌ప్లాంట్‌లోనో టెక్నికల్ పోస్టు కోసం చూస్తున్నవారైతే టెన్త్‌తోనే ఆ సబ్జెక్టును వదిలేసి ఉంటారు. అలాంటప్పుడు గిడుగు వెంకట రామమూర్తి జీవితం ఒకసారి చూడండి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన ఉద్యోగం మొదలైంది మాత్రం స్కూల్లో హిస్టరీ మాస్టారుగా.

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండేళ్లకే తండ్రి పోయారు. విశాఖపట్నంలోని మేనమామ ఇల్లు ఆసరా అయింది. విజయనగరం మహారాజావారి స్కూల్లో చదివి 1879లో మెట్రిక్ పాసయ్యారు. అక్కడ గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. కాలేజీకి వెళ్లే వీల్లేదు, ఇల్లు గడవాలి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చేరి ఫస్ట్‌ఫారం పిల్లలకు చరిత్ర చెప్పారు. జీతం నెలకు 30 రూపాయలు.

పాఠ్యపుస్తకంలో ఉన్నది చెప్పి ఊరుకుంటే ఎవరూ అడగరు. కానీ దగ్గర్లోనే ముఖలింగం గుళ్లు, వాటి మీద పాత శాసనాలు ఉన్నాయి. పాత లిపిని సొంతంగా నేర్చుకుని వాటిని చదివారు. గంగరాజుల రాజధాని కళింగనగరం ఎక్కడ? పేరు దగ్గరగా ఉందని కొందరు పండితులు కళింగపట్నం అనుకున్నారు. గిడుగు శాసనాలు చూపించి అది ముఖలింగమేనని వాదించారు. ఓ స్కూలు మాస్టారి వ్యాసాలను పరిశోధన పత్రికలు వేసుకున్నాయి. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. పరీక్ష గట్టెక్కారు.

ఆ అలవాటే తర్వాత పెద్ద పోరాటంలో అక్కరకొచ్చింది. బడిలో రాసే తెలుగు, ఇంట్లో మాట్లాడే తెలుగు వేరువేరుగా ఉన్న రోజులవి. వాడుక మాటలు తప్పులని పండితులన్నారు. గిడుగు పాత వచన గ్రంథాలు తిరగేసి, వాళ్లు తప్పన్న రూపాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఏరి చూపించారు. మొదట్లో ఓటమే ఎదురైంది. అయినా ఆగలేదు, 1919లో 'తెలుగు' పత్రిక పెట్టారు. ఇంకోపక్క సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు రాశారు. 1940లో కన్నుమూశారు. ఈరోజు మీరు చదివే పాఠాలు, ఈ పేజీ వాడుక తెలుగులో ఉన్నాయంటే అందులో ఆయన కష్టం చాలా ఉంది.

స్కూల్లో చరిత్ర నేర్పాల్సింది తేదీలొక్కటే కాదు, ‘దీనికి ఆధారమేంటి?’ అని అడగడం కూడా. వాట్సాప్‌లో వచ్చిన ఉద్యోగ ప్రకటన నిజమో కాదో తేల్చుకోవాలన్నా, ఇంటర్వ్యూలో ఒక మాట అని నిలబడాలన్నా మీకు కావాల్సింది అదే. కాబట్టి ఈసారి హిస్టరీ చాప్టర్ తీసినప్పుడు ప్రతి వాక్యం పక్కన ఆ ప్రశ్న రాసుకోండి. తీరిక దొరికితే సింహాచలం వెళ్లండి. గుడి రాళ్ల మీద గంగరాజుల కాలం నాటి శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. దర్శనం అయ్యాక కాసేపు వాటి ముందు ఆగండి.