తాళ్లకొండపాడు పేరయ్య గారు



కోవిల్‌పట్టిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక యువకుడు మా దగ్గర నిలిచాడు. దేవుడు న్యాయవంతుడైతే, తాత చేతిలోని చీపురు తండ్రి చేతికి, తండ్రి చేతిలోనిది తన చేతికి ఎందుకు వచ్చిందని అడిగాడు. చదువుకున్న పిల్లవాడు. ఏండ్ల తరబడి పిల్లలకు పాఠములు చెప్పినవారమే గాని మాకు వెంటనే జవాబు తోచలేదు. 73వ కీర్తనలో ఆసాపు కూడా ఇదే బాధ పడ్డాడని చెప్పాము. అతడు తల ఊపి వెళ్లాడు, కాని తృప్తి పడలేదని ముఖమే చెప్పింది. ఆ సాయంత్రము విరుదునగర్ బస్సులో కూర్చుని మేము తలచుకొన్నది యెర్రగుంట్ల పేరయ్య గారిని.

ఈ నల్లరేగడి నేలలో మనకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళము. 1799లో కయత్తారులో ఉరితీయబడిన కట్టబొమ్మనను, విరుదునగర్‌లో పుట్టిన కామరాజును మన పిల్లలు బడిలో చదువుకుంటారు. పేరయ్య గారి సంగతి వారికి ఇంట్లో మనము చెప్పవలసిందే.

ఒంగోలుకు పడమరగా సుమారు 40 మైళ్ల దూరములోని తాళ్లకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులస్థుడు, తోళ్ల వర్తకుడు. ఆ రోజుల్లో ఊరి పశువు చస్తే ఈడ్చుకుపోవలసిన వారు మాదిగలు. చెప్పులు కుట్టాలి, మోటకు తోలు తిత్తి కట్టాలి, జాతర వస్తే డప్పు కొట్టాలి. దానికి కళ్లములో దొరికే నాలుగు గింజలే జీతము. ఊరి బావి వారిది కాదు, గుడి వారిది కాదు. అలాంటి వాడలో పుట్టిన మనిషి దేవుడెవరో తెలుసుకోవాలని యోగమార్గము నేర్పే గురువులను ఆశ్రయించాడు. శాంతి దొరకలేదు. తోళ్ల బేరము మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు ఏలూరులో అలెగ్జాండర్ దొరగారి నోట క్రీస్తు సువార్త విన్నాడు. ఆ దొరగారు మన బాప్టిస్టు కాదు, చర్చి మిషనరీ సొసైటీ వారు. విత్తినది ఒకరు, కోసినది వేరొకరు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నెల్లూరులో మన మిషను ఎన్నో ఏండ్లు ఫలము లేక, అమెరికాలోని పెద్దలు మూసివేద్దామని ఒకటికి రెండుసార్లు ఆలోచించినది. 1854 జనవరి 1న జూవెట్ దొరగారు, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము ఐదుగురు ఒంగోలు కొండమీద మోకరించారు. ఆ ప్రార్థనకు జవాబు ఏ బ్రాహ్మణ అగ్రహారము నుండో వస్తుందని అనుకొని ఉంటారేమో. వచ్చినది తోళ్ల వర్తకుని రూపములో. 1866లో పేరయ్య గారు, భార్య నాగమ్మ గారు ఒంగోలులో బాప్తిస్మము పొందారు.

అదే సంవత్సరము సెప్టెంబరులో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘము ఏర్పడినది. ఆ నెలలోనే పేరయ్య గారి పిలుపు మీద దొరగారు తాళ్లకొండపాడు వెళ్లి చింతతోపులో గుడారము వేశారు. చుట్టుప్రక్కల ఊళ్ల నుండి జనము అన్నము మూటలు, మార్చుకునే బట్టలు వెంట తెచ్చుకొని వచ్చారు. అంటే తేల్చుకోకుండా తిరిగి వెళ్లమని ముందే నిశ్చయించుకొని వచ్చారన్నమాట. ఐదు దినముల బోధ తరువాత 28 మంది బాప్తిస్మము పొందారు. పేరయ్య గారు ముందుగా తన మనుష్యుల మధ్య ఎంత చెప్పి ఉండకపోతే ఈ పని జరుగుతుంది?

అయితే ఒంగోలులో చిక్కు వచ్చింది. పెద్ద కులముల పిల్లలు మిషను బడికి వస్తుండేవారు. మాదిగలను చేర్చుకుంటే మేము రామన్నారు. దొరగారు ఒక గదిలో, దొరసాని మరొక గదిలో బైబిలు తెరువగా ఇద్దరికీ మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయములో దేవుడు లోకములో నీచులైనవారిని ఏర్పరచుకొన్న భాగమే దొరికింది. పెద్ద కులముల పిల్లలు వెళ్లిపోయారు. మాదిగలు ఉండిపోయారు.

తరువాత అంతా సుఖమని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆదివారము పని చేయము, చచ్చిన పశువు మాంసము తినము, విగ్రహముల ముందు డప్పు కొట్టము అన్నందుకు ఒంగోలు ప్రాంతపు విశ్వాసులను ఊరి పెద్దలు కొట్టించారు, నీళ్లకు అడ్డుపడ్డారు, పని ఇవ్వలేదు. కరణము, మునసబు చెప్పినదే ఊళ్లో చట్టము. దొరగారు అధికారుల దగ్గరకు వెళ్లి వాదించేవారు. దేవుని న్యాయము మీద ఆనుకోవడమంటే అర్జీ పెట్టకుండా కూర్చోవడమని వారెవరూ అనుకోలేదు. మనవాళ్లలో కొందరు అలా బోధిస్తారు గాని, అది మాకు సమ్మతము కాదు.

1876 నుండి 1878 వరకు కరువు. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్న వేలాదిమందికి కూలి కల్పించారు. పగలు పార, సాయంత్రము బోధ. బాప్తిస్మము ఇమ్మని జనము ఎంత అడిగినా సుమారు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కూటికోసము మతములో చేరారని లోకము అనకూడదని. సహాయపు సొమ్ము అయిపోయిన తరువాతనే తలుపు తీశారు. 1878 జులై 2, 3, 4 తేదీలలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 614, 2,222, 700 మంది, వెరసి 3,536 మంది దిగారు. పన్నెండేండ్ల క్రితము ఒంగోలు దారి పట్టినది పేరయ్య గారు, నాగమ్మ గారు.

మన ఈ ప్రాంతములోనే రాగ్లాండ్ దొరగారు 1854 నుండి ఉత్తర తిరునెల్వేలి ఊళ్లలో గుడారములు వేసుకొని తిరిగి, 1858 అక్టోబరు 22న శివకాశిలో కన్నుమూశారు. పెద్ద కోత ఆయన చూడలేదు. పేరయ్య గారికి చూసే భాగ్యము కలిగింది. ఒకరికి ఎందుకు కలిగింది, మరొకరికి ఎందుకు లేదు అన్నది మేము విప్పలేము.

మరుసటి ఆదివారము ఆ యువకునికి ఈ కథ అంతా చెప్పాము. చివరకు ఒకటే అడిగాడు. వాళ్లకు ఊరి బావి నీళ్లు దొరికాయా అని. ఆ ఏడు దొరకలేదని, చాలా ఊళ్లలో ఆయన మనుమల కాలమునకు కూడా దొరకలేదని ఉన్నమాటే చెప్పాము. కాసేపు మాట్లాడలేదు. తరువాత గుండ్లకమ్మకు ఏ రైలు ఎక్కాలని అడిగి, మాతో పాటు చాపలు చుట్టడానికి వంగాడు.