ముక్కలు పారేయడం తెలిసిన గుమాస్తా

ప్రత్యేక సంచికలో ఒక పెద్దమనిషి జీవితం రాయడం మనకు ఆనవాయితీ. ఈసారి నేను ఎంచుకున్నాయన పెద్దమనిషి అవునో కాదో చదివినవారే చెప్పాలి. ఆయన కూడా మనలాగే సర్వీసు పరీక్ష రాసి ప్రభుత్వంలో చిన్న గుమాస్తాగా చేరాడు. మనకు దక్కిన పెన్షను మాత్రం ఆయనకు దక్కలేదు. పేరు హెర్బర్ట్ యార్డ్లీ. పేకాటను పుస్తకానికెక్కించినవాడు. మన ఇళ్లలో ఆడవారు ఇది చూసి నామీద కోప్పడవద్దని ముందే మనవి.

యార్డ్లీ 1889 ఏప్రిల్ 13న అమెరికాలో ఇండియానా రాష్ట్రపు వర్దింగ్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి రైల్వే స్టేషను ఏజెంటు. తంతి పని కొడుక్కి ఆయనే నేర్పాడు. పదమూడేళ్లకే తల్లి పోయింది. బడిలో చురుకైన కుర్రవాడే గాని, అసలు చదువు మాంటీ అనే ఆసామి నడిపే సారాకొట్టు వెనక గదిలో జరిగింది. అక్కడ పోకర్ ఆడేవారు. బూట్లు అమ్ముకునే వర్తకుడు పెట్టెల కొద్దీ సరుకును పందెంలో పోగొట్టుకోవడం, ఒక ముసలి రైతు మిగిలిన పొలం ఒడ్డి, గెలుపు ముక్కలు చేతిలో ఉండగానే ప్రాణం విడవడం ఆ గదిలోనే చూశానని ఆయన తరువాత రాసుకున్నాడు.

పోకర్ తెలియనివారికి రెండు మాటలు. పాత పద్ధతిలో ఒక్కొక్కరికి ఐదు ముక్కలు పంచుతారు. పందెం కాసి, అక్కరలేనివి మార్చుకుని, మళ్లీ పందెం కాస్తారు. కొన్నిచోట్ల ఒక్కసారి పెంచే పందేనికి ముందే హద్దు కడతారు. అటువంటి ఆటలో ఎదుటివాణ్ణి ఒక్క దెబ్బతో బెదిరించడం కష్టం. లెక్క తెలిసి, ఓపిక ఉన్నవాడికే లాభం. ఉదాహరణకు నాలుగు ఇస్పేటు ముక్కలు చేతిలో ఉండి, ఐదోదాని కోసం ఒక ముక్క మార్చారనుకోండి. 52లో మీరు చూసినవి 5, చూడనివి 47. వాటిలో ఇస్పేట్లు 9. అంటే అయిదుసార్లకు ఒక్కసారైనా రాదు. నడుమ ఒక్క ముక్క తప్పిన వరుసైతే పనికొచ్చేవి నాలుగే. పన్నెండింట ఒకసారి. ఈ లెక్క ఎరగనివాడు ప్రతిసారీ ఆశపడతాడు. మాంటీ నేర్పిన విద్య అంతా ఇంతే: ముక్కలు బాగాలేకపోతే పారేయాలి. బల్లమీద ఎదుటివాడి ముక్కలు కనబడే ఆటలో, వాటిని మించినది తన దగ్గర లేకపోతే ఇక నిలబడకూడదు. ఎదుటివాడి చెయ్యి, కన్ను, ఊపిరి గమనించాలి.

ఇది వినడానికి తేలిక. ఉద్యోగంలో ఉండగా క్వార్టర్సులో మేమూ రమ్మీ ఆడేవాళ్లం. మొదట్లోనే డ్రాప్ అయితే పోయేది ఇరవై, నడుమ అయితే నలభై, ఆశపడి చివరిదాకా కూర్చుంటే ఎనభై. ఇదంతా తెలిసీ ఎనభైలే ఇచ్చుకున్నాను. ఒక నెల పాలవాడి బాకీ ఎందుకు తీరలేదో మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు. ఈ సంచికలో చదువుకుంటుంది. రమ్మీలో ప్రధానమైనది నేర్పే అని మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పింది. ఆ నేర్పు నాకుందని మాత్రం ఏ కోర్టూ అనలేదు.

సరే, యార్డ్లీ సంగతి. కాలేజీ చదువు ఒక ఏడాదితో ఆపి, రైల్వేలో తంతి పని చేసి, సర్వీసు పరీక్షలో మంచి మార్కులతో నెగ్గి 1912లో వాషింగ్టన్‌లో విదేశాంగ శాఖ తంతి గదిలో చేరాడు. జీతం ఏడాదికి 900 డాలర్లు. రాత్రి డ్యూటీలో పొద్దుపోక, తన చేతిమీదుగా పోయే రహస్య లిపి తంతులనే విప్పడం మొదలుపెట్టాడు. అధ్యక్షుడు విల్సన్‌కు వచ్చిన సుమారు 500 మాటల తంతిని రెండు గంటలలోపే విప్పానని ఆయనే రాసుకున్నాడు. మన లిపులు ఇంత అధ్వాన్నమని పెద్ద నివేదిక రాసి పైవారికి పెట్టాడు. గుమాస్తా రాసిన నోటు పైకి వెళ్లి గుర్తింపు పొందిన అరుదైన సందర్భం ఇది.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం ఆయనకు రహస్య లిపుల విభాగం అప్పగించింది. 1919లో అది న్యూయార్కుకు చేరి గుప్తంగా నడిచింది. 1921లో వాషింగ్టన్‌లో యుద్ధనౌకల సమావేశం జరిగింది. అమెరికా పదికి తమకు ఏడు కావాలని జపాన్ పట్టుబట్టింది. తప్పకపోతే ఆరుకు ఒప్పుకొమ్మని టోక్యో పంపిన తంతిని యార్డ్లీ మనుషులు చదివేశారు. ఎదుటివాడి ముక్కలు తెలిశాక బెదిరేదెవరు? అమెరికా గట్టిగా నిలబడింది, జపాన్ ఆరుకే ఒప్పుకుంది.

1929లో విదేశాంగ మంత్రి స్టిమ్సన్ ఆ ఆఫీసుకు నిధులు ఆపేశాడు. రహస్య నిధుల జీతం గనుక అక్కడివారికి సర్వీసు హోదా లేదు, పెన్షను లేదు. మూడు నెలల జీతం చేతిలో పెట్టి పంపేశారు. దేశమంతా మాంద్యం, ఇంట్లో పెళ్లాం, పిల్లవాడు. ముక్కలు పారేయడంలో ఆరితేరినవాడు ఇక్కడ పారేయలేకపోయాడు. 1931లో ఉన్న రహస్యాలన్నీ పుస్తకంగా అచ్చు వేయించాడు. జపాన్‌లోనే 30 వేలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. ప్రభుత్వం మండిపడింది. రెండో పుస్తకం రాతప్రతిని స్వాధీనం చేసుకుని, 1933లో అటువంటి ప్రచురణలను అరికట్టే చట్టమే తెచ్చింది. ఆయన తప్పే చేశాడని నా అభిప్రాయం. పెన్షను ఇచ్చి ఉంటే చేసేవాడు కాదనీ నా అభిప్రాయమే.

తరువాత 1938 నుంచి 1940 దాకా చైనాలో, చుంగ్‌కింగ్‌లో మారుపేరుతో ఉండి, జపాన్ సైన్యపు లిపులు విప్పే పని చేశాడు. బాంబులు పడే ఆ ఊళ్లో సాయంత్రాలు విలేఖరులతో పోకర్ ఆడేవాడు. థియోడర్ వైట్ అనే యువ విలేఖరికి ఆట నేర్పింది కూడా ఆయనే. 1941లో కెనడాకు వెళ్లి అక్కడి ప్రభుత్వానికి ఇదే పని మొదలుపెట్టినా, కొద్ది నెలలకే వదులుకోవలసి వచ్చింది. పాత పుస్తకం ఎక్కడికి వెళ్లినా ఆయనకంటే ముందే చేరేది. రెండో యుద్ధ కాలంలో, లిపులు విప్పగల మనిషిని, ధరల నియంత్రణ ఆఫీసులో కూర్చోబెట్టారు.

1957లో పోకర్ చదువు గురించిన పుస్తకం వెలువడింది. మాంటీ కొట్టు కథలు, ఏ ముక్కలతో ఉండాలో ఏవి పారేయాలో కట్టుదిట్టమైన నియమాలు అందులో ఉన్నాయి. అప్పటిదాకా అనుభవంతో, నష్టంతో నేర్చుకున్న విద్యను ఎంతోమంది ఆటగాళ్లు ఆ పుస్తకం చదివి నేర్చుకున్నారు. పుస్తకానికి మంచి పేరు వచ్చిన మరుసటి ఏడే, 1958 ఆగస్టు 7న, యార్డ్లీ కన్నుమూశాడు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనికుల మధ్య ఖననం చేశారు. ఆయనను దూరం పెట్టిన ప్రభుత్వపు రహస్య లిపుల సంస్థే 1999లో తన గౌరవనీయుల జాబితాలో ఆయన పేరు చేర్చుకుంది.