బరంపురం నుంచి డబ్లిన్‌కు

నేటి ఒడిశాలోని బరంపురంలో 1894లో తెలుగు ఇంట పుట్టిన వరాహగిరి వెంకటగిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండ్‌లోని డబ్లిన్ వెళ్లారు. అప్పుడు ఐర్లండ్ కూడా బ్రిటిష్ ఏలుబడిలోనే ఉంది. ఆ ఏడాదే డబ్లిన్ యజమానులు యూనియన్‌లో చేరినందుకు వేలమంది కార్మికులను పనిలోకి రానివ్వలేదు. 1916లో ఈస్టర్ తిరుగుబాటు తర్వాత గిరి ఆ దేశం వదలాల్సి వచ్చింది. లా చదువుతో పాటు కార్మికుల హక్కులపై పట్టుదల కూడా ఆయన వెంట వచ్చింది.

ఇక్కడ రైల్వే కార్మికులను కూడగట్టారు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సదస్సులో మన కార్మికుల ప్రతినిధిగా కూర్చున్నారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. 1980లో కన్నుమూశారు.

పిల్లలు విదేశాల్లో మానవ హక్కులు, ప్రపంచ రాజకీయాలు చదువుతామంటే, ఏ ఉద్యోగం వస్తుందని అడిగేముందు ఈ బరంపురం విద్యార్థిని తలచుకోవాలి.