పడకల్లు నుంచి అసెంబ్లీ దాకా: బూర్గుల రామకృష్ణారావు

కల్వకుర్తి అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఎత్తిపోతల పథకం. శ్రీశైలం రిజర్వాయర్ నీళ్లను మూడు దశల్లో పైకి తోడి మన మెట్ట పొలాలకు ఇచ్చే ప్రాజెక్ట్ అది. కానీ కృష్ణా నీళ్ల కథలో కల్వకుర్తికి సంబంధించిన ఇంకో పేరు కూడా ఉంది. అప్పటి కల్వకుర్తి తాలూకా పడకల్లులో 1899 మార్చి 13న పుట్టిన బూర్గుల రామకృష్ణారావు గారు. ఎన్నికల్లో గెలిచి హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన మొదటి వ్యక్తి, చివరి వ్యక్తి కూడా ఆయనే.

అసలు ఇంటిపేరు పుల్లంరాజు. సొంతూరు బూర్గుల కాబట్టి ఆ ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. పుణెలో ఫెర్గూసన్ కాలేజీ, బొంబాయిలో లా, తర్వాత హైదరాబాద్‌లో వకీలు పని. తెలుగుతో పాటు ఉర్దూ, ఫారసీ, మరాఠీ, సంస్కృతం బాగా తెలిసిన మనిషి. పి.వి.నరసింహారావు గారు ఆయన దగ్గరే జూనియర్‌గా చేశారు. 1931లో దేవరకొండలో జరిగిన రెండో ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు బూర్గులే. క్విట్ ఇండియా రోజుల్లో జైలుకి కూడా వెళ్లొచ్చారు.

పోలీస్ యాక్షన్ తర్వాత వెల్లోడి ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి అయ్యారు. అప్పటికి నల్గొండ వైపు సాయుధ పోరాటం ఇంకా నడుస్తోంది. గొడవంతా భూమి గురించే. 1950 కౌలుదారీ చట్టం ఆ టైమ్‌లోనే వచ్చింది. ఏళ్ల తరబడి దున్నుతున్న రైతుని భూస్వామి తనకు ఇష్టమొచ్చినప్పుడు వెళ్లగొట్టకుండా 'రక్షిత కౌలుదారు' అనే హోదా ఇచ్చింది. ఆ చట్టంలోని 38-ఇ సర్టిఫికెట్ల మీద కోర్టుల్లో ఇప్పటికీ కేసులు నడుస్తున్నాయంటే దాని ప్రభావం ఎంతో అర్థం చేసుకోవచ్చు.

1952 ఎన్నికల్లో షాద్‌నగర్ నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. 175 మంది ఉన్న అసెంబ్లీలో కాంగ్రెస్‌కి 93 సీట్లే. ఎదురుగా పీడీఎఫ్ పేరుతో గెలిచి వచ్చిన కమ్యూనిస్టులు. భూమి చట్టం సరిపోదు, ఊళ్లలో కౌలుదార్లను ఇంకా వెళ్లగొడుతూనే ఉన్నారు అని వాళ్ల వాదన. సొంత పార్టీలో భూములున్నవాళ్లు కూడా ఉన్నారు. ఈ రెండు వైపుల మధ్యే 1954లో చట్టానికి సవరణ తెచ్చారు.

ఆయన పాలనలో మాయని మచ్చ కూడా ఉంది. 1952 సెప్టెంబర్‌లో ముల్కీ ఉద్యమం టైమ్‌లో సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. మన వయసు పిల్లలు చనిపోయారు. ఉద్యోగాలు మా వాళ్లకు ఇవ్వండి అని అడిగిన గొడవ అది. బూర్గుల జీవితం రాస్తూ దీన్ని వదిలేస్తే సగం కథే చెప్పినట్టు.

ఇక పెద్ద పరీక్ష 1955లో వచ్చింది. ఫజల్ అలీ కమిషన్ తెలంగాణని ప్రస్తుతానికి విడిగా ఉంచమంది. బూర్గుల కూడా మొదట అటువైపే మొగ్గారు. తెలంగాణలో ఎక్కువమంది విడిగానే ఉండాలనుకుంటున్నారని పార్టీ పెద్దలకు ఉత్తరం రాశారు. అసెంబ్లీ చర్చలో మాత్రం ఎక్కువమంది సభ్యులు విశాలాంధ్ర వైపు మాట్లాడారు. చివరికి ఆయన కూడా ఒప్పుకున్నారు. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం పెట్టారు. దాంతో ఆయన రాష్ట్రమూ, పదవీ రెండూ పోయాయి. ఇది త్యాగమా, తప్పటడుగా అని మన దగ్గర ఇప్పటికీ వాదించుకుంటారు. తర్వాత కేరళకు, ఉత్తరప్రదేశ్‌కు గవర్నర్‌గా వెళ్లారు.

ఆ చర్చ ముగిసిన కొద్ది రోజులకే, 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. అప్పుడు 'పర్యావరణ అనుమతి' అనే మాటే లేదు. లెక్కలన్నీ ఎకరాలు, బస్తాల్లోనే. అడవి, ఊళ్లు, నాగార్జునకొండ బౌద్ధ శిథిలాలు నీళ్ల కింద పోతాయని తెలుసు. శిథిలాల్లో ముఖ్యమైనవాటిని తవ్వి ద్వీపం మీదికి చేర్చారు. ఊళ్లనీ అడవినీ అలా చేర్చడం కుదరదు కదా.

సాగర్ నిండు మట్టం 590 అడుగులు. మన కల్వకుర్తి అంతకంటే చాలా ఎత్తులో ఉంది. కాలువ నీళ్లు పల్లానికే పోతాయి కాబట్టి ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పారింది, ముఖ్యమంత్రిని ఇచ్చిన తాలూకా మాత్రం ఎండిపోయే ఉంది. ఆ నీళ్లు ఇటు ఎక్కడానికి మోటార్లు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

సాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్లు వదిలారు. నెలన్నర కూడా తిరక్కముందే, సెప్టెంబర్‌లో బూర్గుల గారు చనిపోయారు. అసెంబ్లీలో ఒక రోజు తీసుకున్న నిర్ణయం పొలం దాకా రావడానికి ఒక్కోసారి పన్నెండేళ్లు పడుతుంది, ఒక్కోసారి యాభై ఏళ్లు. ఓటు హక్కు కొత్తగా వచ్చిన మనం నీళ్ల గురించి, అడవుల గురించి ఆ సభలో ఏం మాట్లాడుతున్నారో వినాల్సింది అందుకే.