విజయనగరం విజ్జీ – క్రీడాపీఠాలు

భావనపాడు తీరం నుండి విజయనగరం కోట వరకు గల మన ఉత్తరాంధ్ర సీమలో క్రీడాభిమానులు మరువలేని పేరు విజ్జీ. పూసపాటి విజయానంద గజపతిరాజుగారు 1905 డిసెంబరు 28న విజయనగర రాజకుటుంబంలో రెండవ కుమారునిగా జన్మించారు. సంస్థానం అన్నగారికి చెందగా వీరు కాశీ చేరి, అక్కడ సొంత మైదానం, సొంత జట్టు ఏర్పరచుకొన్నారు. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ఆంగ్ల మేటి ఆటగాండ్రను రప్పించి తమ జట్టులో ఆడించారు. ఆ రోజులలో ఇది సామాన్యమైన కార్యం కాదు. వారి క్రికెట్ ప్రీతిని మేము శంకించము.

అయితే 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు వీరే నాయకులు. భారతదేశపు ప్రథమ టెస్టు నాయకుడు, తెలుగు బిడ్డ సి.కె. నాయుడు అదే జట్టులో ఉండి వీరి కింద ఆడవలసి వచ్చింది. మూడు టెస్టులలో విజ్జీగారు చేసిన పరుగులు మొత్తం 33. చక్కగా ఆడుచున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట మధ్యలోనే స్వదేశానికి పంపివేశారు. ఆ యేడే వీరికి సర్ బిరుదు లభించింది. 1947లో దానిని త్యజించారు.

స్త్రీలు క్రీడాసంఘాల పీఠాలపై ఏల కానరారని ప్రశ్నించినప్పుడు, వారికి తగిన ఆట అనుభవం లేదను సమాధానం తరచు వినవచ్చును. మరి విజ్జీగారి నాయకత్వానికి కొలబద్ద ఆటయేనా? వంశము, ధనము, దొరల ప్రాపకము ఆ పీఠానికి మెట్లు. ఆ మెట్లు స్త్రీలకు అందనివి. పరీక్ష ఒకరికి ఒక విధముగా, వేరొకరికి మరొక విధముగా జరిగినదని చెప్పక తప్పదు.

1954లో విజ్జీగారు భారత క్రికెట్ బోర్డు అధ్యక్షులయ్యారు. రేడియోలో వ్యాఖ్యానం చెప్పారు, విశాఖపట్నం నుండి లోక్‌సభకు వెళ్లారు, 1958లో పద్మభూషణ్ అందుకొన్నారు. 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశారు. విశ్వవిద్యాలయ జట్లు ఆడే విజ్జీ ట్రోఫీ వారి పేర వెలసినదే.

1928లో వెలసిన ఆ బోర్డు మహిళా క్రికెట్‌ను తన ఛాయలోనికి తీసుకొన్నది 2006లో. 2017లో సుప్రీంకోర్టు నియమించిన నలుగురు సభ్యుల పాలకమండలిలో డయానా ఎడుల్జీ ఒక్కరే స్త్రీ. బోర్డుకు అధ్యక్షురాలు నేటికీ లేరు. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచారు. ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయం ఉపకులపతి పదవి ఆమెకు లభించినది 2021లో.